మోకాలి మాట

ఆ ఉదయం గుర్రపు పోలీసు హెడ్డు చేతిలో ఉన్నదల్లా ఒక జత తోలు పగ్గాలు. అవీ ఎడమచేతిలోనే. కుడిచేయి ఖాళీ. లాఠీ జీనుకు కట్టే ఉంది. ఆ ముడి విప్పి చాలాకాలమైంది కాబట్టి ఇప్పుడు విప్పబోయినా వచ్చేది కాదు. ఖాళీ చేత్తో జనం ముందుకు వెళ్ళడం, ఖాళీ చేత్తోనే తిరిగి రావడం అతని పద్ధతి. ఆ బేరంలో అతనింతవరకు నష్టం చూడలేదు.

మిగిలిన ఆస్తి కింద ఉంది. మబ్బు. ఆడగుర్రం, ఒళ్ళంతా బూడిదరంగు, జూలు మాత్రం నలుపు. పిల్లగా వచ్చిననాడు దాని నోటికి కళ్ళెం అలవాటు చేసింది హెడ్డే. మిగతా రౌతులు గుర్రాన్ని మడమలతో పొడిచి, పగ్గాలు లాగి, నోటితో అదిలించి నడుపుతారు. మబ్బుకు అవేవీ అక్కర్లేదు. ఎడమ మోకాలు కాస్త ఆనిస్తే కుడికి జరుగుతుంది, కుడిది ఆనిస్తే ఎడమకు. ఈగ వాలినంత బరువు చాలని అతను చెప్పుకునేవాడు. ఆ మాట పదిమందిలో చెప్పడానికి అవకాశం వస్తే వదులుకునేవాడు కాదు.

క్వారీ రోడ్డు మీద జనం నిలబడి ఉన్నారు. గొడవేమీ లేదు. రాళ్ళ లారీలు ఇళ్ళ మధ్య నుంచి పోతున్నాయి, గోడలు బీటలువారుతున్నాయి, చుట్టు రోడ్డున పొమ్మని వాళ్ళు అడుగుతున్నారు. లారీలు ఒకవైపు ఆగి ఉన్నాయి, జనం ఒకవైపు. మధ్యలో రెండు గుర్రాలను అడ్డంగా నిలబెట్టమని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. రెండో గుర్రం ముసలిది. దాని మీద కొత్తగా వచ్చిన ఆడ కానిస్టేబులు ఉంది. ఆమె డ్యూటీలో హెడ్డును సార్ అంటుంది, గుర్రాల శాలలోకి రాగానే బాబాయ్ అంటుంది.

పని సులువైనది. నిలబడటమే. మబ్బు కుడిపక్కన కల్వర్టు పిట్టగోడ ఉంది. గుర్రానికీ గోడకూ మధ్య ఉన్న నీడలో బుట్టలు అమ్ముకునే పెద్దావిడ నిలబడింది. అమ్మగా మిగిలిన బుట్టలు ఒకదానిలో ఒకటి దూర్చి చంకన పెట్టుకుంది. అంతెత్తున గాలి బాగా తగులుతుందా అని ఆవిడ హెడ్డును వేళాకోళం చేసింది. కావాలంటే ఎక్కమని అతనన్నాడు. చుట్టుపక్కల నలుగురు నవ్వారు.

ఆ నవ్వు ఇంకా పూర్తి కాలేదు. మబ్బు కుడికి జరిగింది.

బెదిరి గెంతలేదు. ఎడమకాలు కుడికాలి ముందు నుంచి దాటించి, మళ్ళీ కుడికాలు తీసి, అతను నేర్పినట్టే, పెరేడ్ మైదానంలో జరిగినట్టే శుభ్రంగా జరిగింది. బుట్టలు పటపటమని విరిగిన చప్పుడు వచ్చింది. విరిగినవన్నీ బుట్టలేననుకున్నాడు హెడ్డు. పగ్గాలు పట్టగానే మబ్బు వెంటనే ఇవతలికి వచ్చింది. అప్పుడు చూశాడు. ఆవిడ గోడకు చేరగిలబడి, తన పాదం వంక, అది ఇంకెవరిదో అయినట్టు చూసుకుంటోంది. పాదం ఉండాల్సిన ఆకారంలో లేదు. చెప్పు మట్టిలో దిగబడిపోయింది.

జనం అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. లారీ డ్రైవర్లు కూడా కిందికి దిగి నిలబడ్డారు. వెనకనుంచి ఎవరో, గొంతు పెంచకుండానే, "తొక్కించాడు" అన్నారు.

తొక్కింది అనలేదు. తొక్కించాడు అన్నారు.

"నేనేం చెప్పలేదు" అన్నాడు హెడ్డు. ఎవరితో అన్నాడో అతనికే తెలియదు. కుడిచేయి ఇంకా ఖాళీగానే ఉంది. దాన్ని అందరికీ కనిపించేలా పైకెత్తాడు. ఆ చేతివంక ఒక్కరూ చూడలేదు.

శాలకు రాగానే జీను దించి వెతకడం మొదలుపెట్టాడు. జీను కింద పుండేమైనా ఉందా, పట్టీకి ముల్లు గుచ్చుకుందా, ఏ కందిరీగైనా కుట్టిందా. వీపంతా అరచేత్తో తడిమాడు. నాలుగు డెక్కలూ ఒక్కొక్కటే ఎత్తి ఒళ్ళో పెట్టుకుని మట్టి గీకాడు. నాడాలు గట్టిగా ఉన్నాయి. మేకు వదులు కాలేదు. ముందు కుడి డెక్క సందులో బుట్ట వెదురు పేడు ఒకటి ఇరుక్కుని ఉంది. దాన్ని బయటికి తీశాడు. పారెయ్యాలో దాచాలో పాలుపోక చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మబ్బు అతని టోపీ అంచు పెదవులతో లాగుతూ ఆడుకుంటోంది.

ఇన్‌స్పెక్టర్ వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. వయసులో చిన్నవాడు, చెడ్డవాడు కాదు. తన కింద పనిచేసేవాడికి దెబ్బ తగలకూడదనే అనుకుంటాడు. తనకు అసలే తగలకూడదు.

"గుర్రం బెదిరిందని రాస్తాను, హెడ్డుగారూ."

"బెదరలేదు సార్. బెదిరితే గెంతేది."

"అయితే మీరు జరపమన్నారా?"

"లేదు సార్."

"బెదరలేదు, మీరు చెప్పలేదు. మరి మూడోదేమిటి?"

హెడ్డు దగ్గర మూడోది లేదు. చెప్పకుండా మనిషి మీదికి వెళ్ళిన గుర్రాన్ని డిపార్ట్‌మెంట్ ఉంచుకోదని ఇన్‌స్పెక్టర్ నిదానంగా వివరించాడు. ఉంచుకోదు, ఇంకొకరికి ఇవ్వదు కూడా. ఒక సూదితో అయిపోతుంది. హెడ్డుగారి సర్వీసుకు మచ్చ రాదు. రిటైర్మెంటుకు మిగిలిన ఈ కొద్ది నెలలకూ ఇంకో గుర్రాన్ని తెప్పిస్తాను, గౌరవంగా దిగిపోవచ్చు అన్నాడు. వినడానికి మంచి బేరమే. ఒక సంతకం పెట్టి గుర్రాన్ని ఇచ్చేస్తే పరువు మిగులుతుంది.

హెడ్డు మబ్బు వీపు మీద చెయ్యి వేశాడు. తరవాత ఒకటే అడిగాడు. పరీక్ష పెట్టమన్నాడు. కానిస్టేబుళ్ళందరినీ జనంలా నిలబెట్టండి, డబ్బాలు మోగించండి, జెండాలు ఊపండి, పశువుల డాక్టరమ్మను పిలిపించండి. మబ్బు తనంతట తాను ఒక్క అడుగు వేస్తే సంతకం పెడతానన్నాడు.

"ఎల్లుండి పొద్దున" అన్నాడు ఇన్‌స్పెక్టర్. వెళ్ళబోతూ ఆగి, "కొత్తగా పెళ్ళైనవాడిలా మాట్లాడుతున్నారు" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు కానీ ఎవరికీ నవ్వు రాలేదు.

ఇంట్లో భోజనాల బల్ల దగ్గర భార్య అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఊళ్ళో అనుకుంటున్నది ఆమె చెవిన పడింది. కూరగాయల దుకాణంలో తను వెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయని చెప్పింది. మరిది ఫోన్ చేసి, వదినా, అన్నయ్యను రెండురోజులు ఇంటిపట్టున ఉండమను అన్నాడట. హెడ్డు ముద్ద కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు. బల్ల మీద గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఆమె చెయ్యి చాచి గ్లాసును పట్టుకుంది.

"ఆ కాలు ఆపండి. కోపముంటే ఎవరి మీదైనా చూపించండి, బల్లేం చేసింది పాపం."

"నేనేం ఊపడం లేదు."

"సరే, బల్లే ఊగుతోంది. దానికీ ఎవరో ఏదో అని ఉంటారు."

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆమె వెనకనుంచి, ఆవిడగారు ఎలా ఉన్నారని అడిగింది. మబ్బును ఆమె మొదటినుంచీ అలాగే అంటుంది, సవతిని అడిగినట్టు. ఇన్నేళ్ళలో ఆ హాస్యానికి అతను నవ్వకపోవడం ఇదే మొదలు. ఆమె గిన్నె మీద మూతపెట్టింది.

మర్నాడు డ్యూటీ బట్టలు వేసుకోకుండా ఆసుపత్రికి వెళ్ళాడు. బుట్టలావిడ ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఉంది. కాలికి మోకాలిదాకా కట్టు. పక్కమంచం మనిషి పోలీసును గుర్తుపట్టి మొహం తిప్పుకుంది. ఆవిడ మాత్రం తిప్పుకోలేదు. కూర్చోమని మంచం అంచు చూపించింది. అతను నిలబడే ఉన్నాడు.

వేళ్ళు రెండు తీసేస్తారేమోనని, తీసినా నడక వస్తుందని డాక్టర్లు అన్నారట. బుట్ట అల్లేటప్పుడు అడుగు పలకను పాదంతో తొక్కిపట్టాలి, అది కుదరదేమో అంది. ఎడమకాలితో అలవాటు చేసుకోవాలి. ఆ వయసులో కొత్తగా కాలు మార్చడమంటే పెన్ను చెయ్యి మార్చడం లాంటిదని తనే అంది. అతను జేబులో ఉన్న వెదురు పేడును వేళ్ళతో నలిపాడు.

"గుర్రానికి నేనేం చెప్పలేదమ్మా. అది చెప్పడానికే వచ్చాను."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. తనను ఓదార్చడానికి వచ్చాడేమో అనుకుంటే, ఇతనే ఓదార్పు అడుగుతున్నట్టుంది. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"నేను చూసింది చెప్తాను తమ్ముడూ, తర్వాత నీ ఇష్టం. నువ్వు నవ్వుతున్నావు. గుర్రం చెవి ఒకటి నీ వైపుకు తిరిగింది. తర్వాతే కదిలింది. మా మనవరాలు అంతే, నేను పిలిస్తే ముందు చెవి ఇటు పెట్టి, తర్వాత వస్తుంది."

హెడ్డుకు ఆ మాట అర్థమైంది. చెవి రౌతు వైపు తిరిగిందంటే గుర్రం ఏదో విన్నట్టు. అలాంటిదేమీ లేదు, మీరు నొప్పిలో ఉండి సరిగా చూడలేదు అనబోయాడు. నొప్పి తర్వాత వచ్చింది, చెవి ముందు తిరిగింది. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

వెళ్ళబోతుంటే ఆవిడ ఇంకొకటి అడిగింది. "దాన్ని ఎప్పుడైనా కింద నుంచి చూశావా?"

రోజూ చూస్తాను, నేనే తోముతాను, నేనే దాణా పెడతాను అన్నాడు.

"అది నీ పక్కన నిలబడినప్పుడు. నీ మీదికి వచ్చినప్పుడు?"

జవాబు చెప్పకుండానే బయటికి వచ్చాడు. ఆసుపత్రి మెట్లు దిగేటప్పుడు ఎడమకాలు మెట్టు ఎక్కడుందో ఒక్క క్షణం తేల్చుకోలేదు. చెప్పు జారిందనుకున్నాడు.

పరీక్షనాడు స్టేషను వెనక పెరట్లో ఉన్నవాళ్ళందరినీ జనంగా నిలబెట్టారు. వంటమనిషి మూకుడు, గరిటె తెచ్చింది. గుమాస్తా ఒక దుప్పటిని కర్రకు కట్టి జెండా చేశాడు. అందరికీ కాస్త సరదాగానే ఉంది. పశువుల డాక్టరమ్మ నీడలో కుర్చీ వేసుకుని, మబ్బు కళ్ళూ పళ్ళూ చూసి, ఆరోగ్యంగా ఉందని చెప్పింది.

మొదట ఆడ కానిస్టేబులు ఎక్కింది. మూకుడు మోగింది. దుప్పటి మబ్బు మొహం మీదనుంచి పోయింది. ఒకతను కాళ్ళ దగ్గర నేల మీద పడుకున్నాడు. మబ్బు తోక ఒకసారి విసిరింది తప్ప డెక్క తీయలేదు. నాటిన స్తంభంలా నిలబడింది. వంటమనిషి గరిటె దించి, ఇంతకంటే మా ఆయనే నయం, చప్పుడుకు లేచైనా కూర్చుంటాడు అంది. అందరూ నవ్వారు. హెడ్డూ నవ్వాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా వదిలాడు. లెక్క తేలిపోయింది, గుర్రం నిర్దోషి. ఇక ఆగినా సరిపోయేది. కానీ రాతలో పూర్తిగా ఉండాలని, ఆనాడున్న రౌతుతో కూడా చూడండి అన్నాడు. తనే అన్నాడు.

ఎక్కి కూర్చున్నాడు. మబ్బు అతని బరువు తెలిసి మెడ వంచింది. మూకుడు మోగింది, జెండా ఊగింది, మబ్బు కదల్లేదు. హెడ్డు డాక్టరమ్మ వంక చూశాడు. చూశారా అన్నట్టు.

మబ్బు చెవి వెనక్కి తిరిగింది. కుడికి ఒక అడుగు వేసింది. మళ్ళీ ఒకటి.

మూకుడు ఆగిపోయింది. కింద పడుకున్నవాడు లేచి దుమ్ము కూడా దులుపుకోకుండా వెనక్కి జరిగాడు. నేల వాలుగా ఉందని హెడ్డు అన్నాడు. గుర్రాన్ని మొదటి చోటికి తెచ్చి నిలబెట్టాడు. కాసేపు అది బాగానే ఉంది. మళ్ళీ చెవి తిరిగింది. మళ్ళీ కుడికి, అవే అడుగులు, అంతే శుభ్రంగా.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చింది. గుర్రం వంక చూడటం లేదు.

"మీ కాలు చూసుకోండి" అంది మెల్లగా.

చూశాడు. ఎడమ మోకాలు జీను తోలు మీద అదురుతోంది. కుట్టుమిషను మీద కాలు ఆడినట్టు, సన్నగా, ఆగి ఆగి. ఆ కాలు తనది కాదేమో అనుకున్నాడు. దాన్ని ఆపమని మనసులో చెప్పాడు. ఆగలేదు. కుడిచెయ్యి మోకాలి మీద వేసి నొక్కాడు. అరచేతికి అదురు తెలుస్తోంది. మోకాలికి అరచెయ్యి తెలియడం లేదు.

ఈగ వాలినంత బరువు చాలని చెప్పినవాడు తనే. ఇంకెవరి గుర్రమైనా ఆ అదురును పట్టించుకునేది కాదు. ముసలి గుర్రమైతే నిద్రపోయేది. అంత చిన్న మాట వినేలా తయారుచేసిన చేతులే ఇప్పుడు పగ్గాలు పట్టుకుని చల్లబడిపోయాయి. మబ్బు మాత్రం అడుగు పూర్తిచేసి, సరిగ్గా చేశానా అన్నట్టు, చెవి ఇంకా అతనివైపే పెట్టి నిలబడి ఉంది.

ఇన్‌స్పెక్టర్ గబగబా వచ్చి పగ్గం పట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు. డాక్టరమ్మ గుర్రాల డాక్టరు, మనుషుల కాళ్ళ సంగతి ఆవిడ రాయనక్కర్లేదు. చూసినవాళ్ళంతా మనవాళ్ళే. రౌతు ఉండగా గుర్రం దానంతట అది కదిలింది, ఇంతవరకే రాద్దాం. అది అబద్ధం కూడా కాదు. "ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆలోచించండి, హెడ్డుగారూ. కాలు బాగా లేదని తెలిసీ గుర్రమెక్కారా అని అడుగుతారు. ఏం చెప్తారు?"

ఏం చెప్తాడు. గ్లాసులో నీళ్ళు, ఆసుపత్రి మెట్టు, పోయిన చలికాలం రికాబులోంచి తనకు తెలియకుండానే జారిన బూటు. ఒక్కొక్కటిగా వస్తున్నాయి. ప్రతిదానికీ అప్పుడే ఒక సాకు చెప్పి పంపించేశాడు. తెలిసీ ఎక్కాడా? తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డాడు. ఆ రెంటికీ ఎంత తేడా ఉందో తూచడానికి అతనికిప్పుడు చేతకాలేదు. ఆ రోజు రోడ్డు మీద ఎవరో అన్న తొక్కించాడు అనే మాట మళ్ళీ చెవిలో మోగింది. ఆ మాట అన్యాయమని రెండు రోజులు లోపల కుమిలాడు. అన్నవాడు సరిగ్గానే అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి పగ్గం తీసుకున్నాడు. దిగడానికి ఆడ కానిస్టేబులును భుజం అడిగాడు. ఆమె దగ్గరికొచ్చి నిలబడింది. ఎక్కడమైనా దిగడమైనా అతను ఎవరి భుజమూ అడగ్గా స్టేషనులో ఎవరూ చూడలేదు. నేల మీద నిలబడి, జనంగా నిలబెట్టినవాళ్ళందరికీ వినిపించేలా చెప్పాడు.

"గుర్రం తప్పేం లేదు. జరగమని నేనే చెప్పాను. చెప్పినట్టు నాకే తెలియదు. అలాగే రాయండి."

వంటమనిషి గరిటె కొంగుచాటుకు తీసుకుంది. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత సరే అన్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి, బల్ల దగ్గర కూర్చుని, గ్లాసు నిండా నీళ్ళు పోయమని భార్యను అడిగాడు. ఇద్దరూ ఆ నీళ్ళనే చూశారు. అవి వణకడం మొదలుపెట్టాక ఆమె బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి అతని మోకాలి మీద వేసింది. చెయ్యి వేశావా అని అతనడిగాడు. వేశానంది. ఎప్పట్నుంచని అడిగాడు. చాన్నాళ్ళుగా, నేను కోపమనుకున్నాను అంది. "ఇన్నాళ్ళూ మీతో లేనిపోని తగాదాలు పడ్డాను" అని కళ్ళు తుడుచుకుంది.

తర్వాతి ఉదయం జీను ఆడ కానిస్టేబులుకు అప్పగించాడు. రికాబు తోళ్ళు ఆమె కాలికి సరిపోయేలా పైకి కట్టాడు. మబ్బుకు కొత్త రౌతు అలవాటు కావాలి కాబట్టి ఆమెను పెరటి చివరినుంచి తనవైపు నడిపించుకు రమ్మన్నాడు. తను మధ్యలో నిలబడ్డాడు, ఖాళీ చేతులతో.

ఇంతకాలం దాని వీపు మీద కూర్చున్నవాడు దాని నడక చూడనేలేదు. ముందుకాళ్ళు నేలను అడిగి అడిగి దిగుతున్నాయి. తల ఒక తాళానికి ఊగుతోంది. ఇంత అందంగా నడుస్తుందా ఇది అనుకున్నాడు. అలా అనుకుంటూ ఉండగానే అది దగ్గరికి వచ్చేసింది. రొమ్ము అతని మొహానికి ఎదురుగా తలుపులా మూసుకుంది. వెనక ఆకాశం కనిపించలేదు. డెక్క పడిన ప్రతిసారీ నేల అదిరింది. ముక్కురంధ్రాల ఆవిరి నుదుటికి తగిలింది. తను పెంచిన గుర్రం, తన చేత్తో తిన్న గుర్రం. అయినా కాళ్ళు అతణ్ణి అడక్కుండానే వెనక్కి అడుగు వేశాయి. చెయ్యి దానంతట అదే మొహానికి అడ్డం వచ్చింది.

"బాబాయ్!" అని ఆమె పగ్గం పట్టింది. మబ్బు ఆగింది.

"ఏం కాలేదు" అన్నాడు హెడ్డు. తను మొదట భయపడిన చోటు ఎక్కడో వెతికాడు. అక్కడ బూటు మడమతో నేల మీద అడ్డంగా ఒక గీత గీశాడు. జనం ముందు నిలబెట్టినప్పుడు గుర్రం ఈ గీత అవతలే ఉండాలని చెప్పాడు. ఇది తను ఎవరికీ నేర్పలేదని, తనకే తెలియదని చెప్పాడు. ఆమె తలూపి మబ్బును గీత వెనక్కి నడిపించింది.

పోయిన జీను, ఒక కాలు, ఒకావిడ పాదం ఒకవైపు. మొదటి రెండూ తనవి, పోతే పోయాయి. మూడోది తనది కాదు, తీర్చగలిగేదీ కాదు. రెండోవైపు, గీత అవతల మబ్బు ప్రాణంతో నిలబడి తోక విసురుతోంది. ఇవతల మట్టిలో ఆ గీత ఉంది. ఆసుపత్రిలో ఆవిడ అడిగినదానికి ఇప్పుడతని దగ్గర జవాబుంది. జేబు తడిమి చూసుకున్నాడు. వెదురు పేడు అక్కడే ఉంది. మధ్యాహ్నం వెళ్ళి ఆ జవాబు చెప్పాలనుకున్నాడు, ఈసారి కూర్చుని.